వీపు మీద చెయ్యి

మా మేడం పోయారన్న కబురు వచ్చేసరికి నేను కడపలో, డ్రిల్లు టీచరుగా పనిచేసే స్కూలు గ్రౌండులో, పైపు పట్టుకొని ఖోఖో కోర్టు తడుపుతున్నాను. మా వైపు నేల సంగతి చెప్పేదేముంది, తడపకపోతే పిల్లలు పట్టుమని ఒక చుట్టు తిరిగేలోపే దుమ్ము లేచి ఎవరు ఎవరో కనపడరు. ఫోను మోగింది. చిన్నప్పుడు నాతోపాటు మేడం దగ్గర ఖోఖో ఆడిన షబానా.

“ఏమే, యాడుండావు?”

“గ్రౌండులో ఉండా. చెప్పు.”

“ఒక నిమిషం కూర్చో.”

దాంతోనే నాకు తెలిసిపోయింది. షబానా నన్ను కూర్చోమనే మనిషి కాదు. చిన్నప్పటి నుంచీ దాని పని నన్ను లేపడమే.

“మేడం లేదు. పొద్దున్నే పోయిందంట. కర్నూల్లోనే, కల్లూరు ఇంట్లో ఉంచినారు. నువ్వు బస్సెక్కు,” అంది. నేను కూర్చోలేదు. నిలబడిన చోటే ఉండిపోయాను. పైపు పక్కకు తిప్పాలన్న ధ్యాస కూడా లేదు. నీళ్లన్నీ ఒకేచోట పడి కోర్టు మధ్యలో గుంట పడింది. మా జట్టులో ఇందు అనే పిల్ల పరిగెత్తి వెళ్లి కుళాయి కట్టేసింది.

ఆ పిల్ల అక్కడ ఊరికే లేదు. పైనుంచి వచ్చిన ఆదేశం ప్రకారం మా ఆటగత్తెలందరి చేతా నేను సెల్‌ఫోన్లో ఒక పర్సనాలిటీ టెస్టు రాయించాను. ఫలితాలు ఆ ఉదయమే వచ్చాయి. ఎవరిది ఎట్లాంటి స్వభావం, కోచ్ వాళ్లతో ఎట్లా నడుచుకోవాలి, జట్టులో ఎవరి పక్కన ఎవరిని పెడితే పొసుగుతుంది అని రంగురంగుల పట్టీలతో చెప్పారు. “నాకేమొచ్చింది మేడం?” అని ఇందు పొద్దుటి నుంచీ నా వెనకే తిరుగుతోంది. ఏమొచ్చిందో నేను అప్పటికే చూశాను. చూసి ఫోను జేబులో వేసుకున్నాను. ‘ఒత్తిడి ఎదురైతే బిగుసుకుపోయే స్వభావం’ అని ఉంది. నా పదో తరగతిలో, ఇట్లాంటి పరీక్షలోనే, నాకూ ఆ మాటే వచ్చింది. మా మేడం దాన్ని నాకు చదివి వినిపించారు. నేను రాయబోయేదంతా ఆ ఒక్క మాట గురించే.

వచ్చాక చెప్తానని ఇందుతో అని, బ్యాగు సర్దుకొని కర్నూలు బస్సెక్కాను. చివరి వరుసలో కూర్చున్నాను. వెనక ఎవరైనా ఉంటే నాకు వీపు మీద చూపు ఉన్నట్టే ఉంటుంది. అది ఆ రోజు కొత్తగా వచ్చిన జబ్బు కాదు.

మేడం అంటే కర్నూల్లో మా ఆడపిల్లల హైస్కూలు డ్రిల్లు టీచరు. ఆలూరు వైపు పల్లె నుంచి వచ్చారు. ఎన్నేళ్లు పట్నంలో ఉన్నా ఆ యాస పోలేదు. డబ్బును దుడ్లు అనేవారు. మేం నవ్వితే, “దుడ్లంటే నవ్వుతారు, ఇస్తే మాత్రం నవ్వాపి తీసుకుంటారు,” అనేవారు. చీర కింద కాన్వాసు బూట్లు వేసేవారు. ఆటయ్యాక మా అందరికీ బొరుగుల ఉగ్గాని, బజ్జీ తెప్పించి, ప్రతి బజ్జీలోంచీ మిరపకాయ తీసి తాను తిని, పిండి మాకు పెట్టేవారు. కారం తింటే దప్పికై నీళ్లు తాగుతారు, నీళ్లు తాగితే పరిగెత్తలేరు అని ఆమె వాదన. ఆ లెక్కన ఆమె కడుపు ఎట్లా మండిపోయేదో దేవుడికే తెలియాలి.

కోర్టు గీతలు ముగ్గుపిండితో ఆమే వేసేవారు. ఇంకొకరు వేస్తే వంకర పోతుందని ఒప్పుకునేవారు కాదు. అందుకని కుడిచెయ్యి ఎప్పుడూ తెల్లగా ఉండేది. మాతో మాట్లాడాలంటే ఎదురుగా రారు. వెనక నుంచి వచ్చి వీపు మీద అరచెయ్యి ఆనిస్తారు. యూనిఫాం మీద అయిదు వేళ్లూ పడేవి. “ఏం టీచరమ్మో ఏమో, రోజూ నీ వీపు ఉతకలేక చస్తాండా,” అని మా అమ్మ సణిగేది.

వెనక నుంచి రావడం ఎందుకంటే మా ఆటే అట్లాంటిది. ఖోఖోలో వెంటాడే జట్టు నడిమి గీత మీద గడుల్లో కూర్చుంటుంది, ఒకరు ఇటు తిరిగి, ఇంకొకరు అటు తిరిగి. ఒక్కరే లేచి రన్నర్‌ను తరుముతారు. ఆమె గీత దాటి అవతలికి పోకూడదు, వెనక్కి తిరగకూడదు. రన్నర్ అవతలికి పోతే, అటు తిరిగి కూర్చున్న మనిషి వీపు మీద చెయ్యి వేసి “ఖో” అనాలి. ఆ మనిషి లేచి తరమాలి, చెయ్యి వేసినామె ఆ గడిలో కూర్చోవాలి. అంటే గడిలో కూర్చున్నంతసేపూ మన వెనక ఏం జరుగుతోందో మనకు కనపడదు. ఆ చెయ్యి కోసం కాచుకొని ఉండాలి. “ఖో వచ్చినాక తిరిగి చూడొద్దు పాపా. ఎవరిచ్చినారని చూసేలోపల ఆట అయిపోతాది. లెయ్యి, పో,” అని మేడం ఎన్నిసార్లు చెప్పారో.

నా పదో తరగతి మొదట్లో మేడం టీచర్ల శిక్షణకు వెళ్లి వచ్చారు. అక్కడ ఎవరో చెప్పారట, కోచ్ అన్నవాళ్లు ఆట నేర్పేముందు ఆడేవాళ్ల స్వభావం తెలుసుకోవాలని, అది తెలిస్తే ఎవరితో ఎట్లా మాట్లాడాలో, ఎవరిని ఎవరితో జత కలపాలో తెలుస్తుందని. ఆమెకు అది బాగా నచ్చింది. చేతిసంచిలో ప్రశ్నకాగితాలు వేసుకొచ్చి మమ్మల్ని వరండాలో వరసగా కూర్చోబెట్టారు. మీకు కోపం వస్తుందా, ఓడిపోతే ఏం చేస్తారు, ఎవరైనా తప్పు పడితే ఊరుకుంటారా, ఇట్లాంటివి.

మేం ఏం చేశామో తెలుసా, పెళ్లిచూపులకు కూర్చున్నట్టు జవాబులు రాశాం. పెద్దవాళ్లు ఎదురుగా కూర్చొని నీ గుణం ఏమిటని అడిగితే మాకు తెలిసిన జవాబు అదొక్కటే. కోపం రాదు. పెద్దలు చెప్పినట్టు వింటాను. అందరితో కలిసిమెలిసి ఉంటాను. ఆ ముందురోజే ఒక పిల్ల జడ పట్టుకొని గ్రౌండంతా ఈడ్చిన షబానా కూడా ‘ఎవరితోనూ గొడవ పడను’ అని గుండ్రంగా రాసింది. ఫలితం తీస్తే జట్టు మొత్తానిదీ ఒకే స్వభావం. శాంతం, ఓర్పు, విధేయత.

మేడం నవ్వు ఆపుకోలేక వరండా స్తంభం పట్టుకున్నారు. “ఇంత మంచోళ్లకు ఆటెందుకే. మహానందికి పోయి గుండంలో మునిగి భజన చేసుకోండి,” అన్నారు. కాసేపయ్యాక ఆమెకే ఒక ఆలోచన వచ్చింది. “మీ వీపు మీకు కనపడదు. మీ ఎనక నుంచి వచ్చేదానికి కనపడతాది. ఎవరి కాగితం వాళ్లు రాయొద్దు. నీకు రోజూ ఖో ఇచ్చేది నీ కాగితం రాస్తాది,” అన్నారు. నాకు ఖో ఇచ్చేది షబానా. అది నా కాగితం రాసింది. నేను ఇంకొకరిది రాశాను.

ఈసారి అన్నీ వేరువేరుగా వచ్చాయి, అన్నీ నిజాలే. మేడం సంతోషం పట్టలేకపోయారు. మరునాడు ప్రాక్టీసుకు ముందు మమ్మల్ని నిలబెట్టి, ఒక్కొక్కరిదీ పైకి చదివారు. షబానాకు తొందరెక్కువ, ఎవరి మాటా వినదు. షబానా నాటకంలో రాజులా వంగి దండం పెట్టింది. ఈరమ్మ అని ఒక పిల్ల ఉండేది, నలుగురిలో నోరు విప్పదు కానీ గమనిక ఎక్కువ అని వచ్చింది. ఈరమ్మ ఆ మాటకు కూడా నోరు విప్పలేదు. తర్వాత నాది. “ఒత్తిడి వస్తే బిగుసుకుపోతాది,” అని చదివారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. మేడం మాత్రం నవ్వు ఆపి నా వైపు జాలిగా చూసి, “ఉన్నమాటే కదా పాపా, బాధపడొద్దు,” అన్నారు.

ఎగతాళిగా అని ఉంటే తిట్టుకొని మరిచిపోయేదాన్ని. ప్రేమగా అన్నారు. అది నాలోపలికి దిగి అక్కడే కూర్చుంది.

ఆ తర్వాత మ్యాచ్ నంద్యాలలో. ఆట చివరికి వచ్చింది. ఒక్క రన్నర్ దొరికితే గెలుస్తాం. నేను స్తంభం పక్క గడిలో ఉన్నాను. గీత బయట నుంచి మేడం గొంతు చించుకొని అరుస్తున్నారు, “లెయ్ పాపా, లెయ్” అని. వీపు మీద షబానా చెయ్యి పడింది. “ఖో” అంది. నాకు స్పష్టంగా వినబడింది. నా మోకాళ్ల కంటే ముందు ఆ మాట లేచింది. బిగుసుకుపోతాది. రన్నర్ నా కళ్ల ముందు నుంచే పోయింది, చెయ్యి చాపితే రిబ్బను అందేది. నేను అట్లాగే కూర్చున్నాను. షబానా చెయ్యి ఇంకా నా వీపు మీదే ఉంది. ఈల వేశారు.

తిరుగు దారిలో ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. మేడం బజ్జీలు పంచారు. ఆ రోజు మిరపకాయలు తీయడం మరిచిపోయారు. మేమూ గుర్తు చేయలేదు, కళ్లల్లో నీళ్లు పెట్టుకొని తిన్నాం.

ఆ కాగితం నా స్వభావాన్ని చూసి చెప్పిందా, లేక ఆ కాగితం విన్నాక నేను అట్లా తయారయ్యానా, ఇప్పటికీ నాకు తెలియదు. గ్రౌండుకు పోవడం మానేశాను. కానీ ఆ మాట నాతో ఇంటికి వచ్చింది. పరీక్ష హాల్లో వెనక నుంచి ఇన్విజిలేటర్ అడుగుల చప్పుడు వినబడితే చేతిలో పెన్ను ఆగిపోయేది. అమ్మ వంటింట్లోంచి గట్టిగా పిలిస్తే లేవలేక గోడకు అతుక్కునేదాన్ని. బిగుసుకుపోతాది. అచ్చం మేడం గొంతే, ఆ జాలితో సహా.

మా నాయన కల్లూరు నుంచి పాత బస్టాండుకు షేర్ ఆటో నడిపేవాడు. ఒకరోజు సాయంత్రం మేడం ఆ ఆటో ఎక్కారు. పాత బస్టాండులో అందరూ దిగారు, ఆమె దిగలేదు.

“ఇదే లాస్టు స్టాపు మేడం,” అన్నాడు నాయన.

“తెలుసప్పా. నేను దిగను. మీ పాప గ్రౌండుకొచ్చేదాంక నీ ఆటోలోనే తిరుగుతా. చార్జీ ఇస్తాలే.”

నాయన నవ్వులాట అనుకున్నాడు. మరునాడూ ఎక్కారు, ఆ మరునాడూ ఎక్కారు. స్కూలు వదలగానే వచ్చి మూల సీటులో కూర్చొని చీకటి పడేదాకా అటూ ఇటూ తిరగడమే. రోజూ ఎక్కే కూరగాయల వాళ్లకూ, నర్సమ్మలకూ సంగతి తెలిసిపోయింది. “ఏమప్పా, నీ కూతురు ఇంగా రాలేదా?” అని ఎక్కేటప్పుడు ఒకరు, దిగేటప్పుడు ఒకరు. నాయన ఇంటికొచ్చి నెత్తి పట్టుకున్నాడు. “యమ్మా, నువ్వన్నా పో, లేదంటే ఆయమ్మనన్నా దించు. ఊరంతా నా ఆటో కతే చెప్పుకుంటాండారు,” అన్నాడు.

దించడానికే వెళ్లాను. ఆటోలో ఆమె పక్కన కూర్చున్నాను. మేడం నా వైపు తిరగలేదు. రోడ్డు చూస్తూ మాట్లాడారు.

“తప్పు నాది పాపా. ఆ కాగితం నీకు సదివి వినిపించేది కాదు. నేను సదువుకోవాల్సింది.”

నేను సీటు చివరికి జరిగాను.

“ఈ పాప బిగుసుకుంటాది అని రాసుంటే, దానర్థం నువ్వు అట్లాంటిదానివని కాదు. నేను ఎనక నిలబడి అరవకూడదు అని. ఆ కాగితం నీ గురించి గాదు, నా గురించి. నాకు అర్థం కాల్యా.”

నాకు అప్పుడు కోపం వచ్చింది. ఎప్పుడూ కోపం రాదని రాసిన పిల్లనే నేను. “ఇప్పుడు చెప్తే ఏం లాభం మేడం. ఆ మాట నా చెవిలోనే ఉండాది,” అన్నాను.

ఆటో రెండు స్టాపులు దాటింది. “నా చెవిలో గూడా ఉండాది పాపా,” అన్నారు మేడం.

మరునాడు గ్రౌండుకు వెళ్లాను. చదివి వినిపించడం మానేసిన మేడం ఆ కాగితాలతో ఏం చేశారో అప్పుడు చూశాను. షబానాకు ఇది చెయ్యి, అది చెయ్యి అని చెప్పడం మానేశారు. “నువ్వైతే ఏం చేస్తావు?” అని ముందు దాన్నే అడిగేవారు. అది తన పురాణమంతా చెప్పి అలిసిపోయాక తన మాట ఒక్కటి చెప్పేవారు. ఈరమ్మను నలుగురిలో ఎప్పుడూ ప్రశ్న అడగలేదు. షబానా పక్కన కూర్చోబెట్టారు. ఎదుటి రన్నర్ ఎటు వంగుతుందో, ఎప్పుడు అలుస్తుందో ఈరమ్మ కనిపెట్టి షబానా చెవిలో ఊదేది. షబానా దాన్ని మైకులా అందరికీ చేరవేసేది. ఎవరి మాటా వినని షబానా ఈరమ్మ మాట విన్నది. గుసగుసగా చెప్తే వినకుండా ఎట్లా ఉంటానే, అందులో ఏదో రహస్యం ఉన్నట్టుంటాది అనేది. మేడం షబానాతో, నువ్వు మారినావు అని ఒక్కసారి కూడా అనలేదు. మారాల్సింది తానే అన్నట్టుగా ఉండేవారు.

ఇక నా విషయం. అరవకుండా ఉండడం మేడం వల్ల కాదు. ఆట చూస్తూ నోరు కట్టుకోవడం ఆమె చేత అయ్యే పని కాదు. అందుకని మా జట్టు వెంటాడడం మొదలుపెట్టగానే ఆమె కోర్టు వైపు వీపు పెట్టి, కాంపౌండ్ గోడ వైపు తిరిగి నిలబడేవారు. ఈల పళ్ల మధ్య కరిచిపట్టేవారు. వేరే స్కూళ్ల సార్లు నవ్వేవారు. “ఏం మేడం, గోడకు కోచింగిస్తాండారా?” అని ఒకాయన అడిగితే, “అవునప్పా, మీ పిల్లల కంటే బాగా వింటాది,” అన్నారు. నేను అటు తిరిగిన గడిలో కూర్చుంటే నాకు ఆ వీపు కనపడేది. జాకెట్టు మీద చెమట మరక చిన్నగా మొదలై ఆట అయ్యేసరికి నడుము దాకా వచ్చేది.

నేను లేచాను. ప్రతిసారీ కాదు, అప్పుడప్పుడు బిగుసుకున్నాను కూడా. ఆమె తిరిగి చూడలేదు. ఆట అయ్యాక, ఊళ్లో లేని మనిషిలా “ఏమైంది పాపా?” అని అడిగేవారు. గెలిచామంటే వీపు మీద చెయ్యి వేసేవారు, ఓడామన్నా వేసేవారు. చాలా ఏళ్ల తర్వాత, నాకు కడపలో ఈ ఉద్యోగం వచ్చినప్పుడు స్వీటు ఇవ్వడానికి వెళితే, నవ్వుతూ అన్నారు. “నంద్యాల అయినాక మ్యాచుల్లో నువ్వు లేచి తరిమింది నేను ఒక్కసారి కూడా చూడల్యా పాపా. అంతా చెవులతోనే.” అప్పుడు నేనూ నవ్వాను.

రిటైరయ్యాక కూడా ఫోన్ చేసేవారు. జట్టు ఎంపిక రోజుల్లో తప్పకుండా చేసేవారు. వాన పడిందా, కోర్టు తడుపుతాండావా, అని ఏవేవో అడిగి చివర్లో అడిగేది ఒకటే. “ఎవరికీ ఏమీ సదివి వినిపించలేదు కదా?” లేదు మేడం అంటేనే ఫోన్ పెట్టేవారు.

మొన్న ఎండాకాలం ఆమెకు బాగోలేదంటే ఆస్పత్రికి వెళ్లాను. షబానా అప్పటికే అక్కడుంది. అది పాత బస్టాండు దగ్గర టైలరింగు షాపు నడుపుతుంది, షాపు మూసుకొని వచ్చి కూర్చునేది. మేడం కళ్లు తెరిచే ఉన్నారు కానీ మమ్మల్ని గుర్తుపట్టలేదు. కుడిచెయ్యి దుప్పటి మీద తిన్నగా జరుపుతున్నారు, మళ్లీ వెనక్కి తెస్తున్నారు, మళ్లీ జరుపుతున్నారు. గీతలు వేస్తున్నారని షబానా చెప్పేదాకా నాకు తట్టలేదు. ఉన్నట్టుండి నా భుజం మీదుగా ఎక్కడో చూస్తూ, ఆ నంద్యాల గొంతుతోనే అన్నారు.

“ఖో ఇచ్చినారు పాపా. లెయ్.”

నేను నిలబడే ఉన్నాను. మంచం పట్టీ పట్టుకొని వంగి, “లేచినా మేడం. శానా రోజులాయ నేను లేచి,” అన్నాను.

“లెయ్ పాపా.”

“లేచినా మేడం. చూడండి.”

“లెయ్.”

ఇంజెక్షను పనిచేసి నిద్ర పట్టేదాకా ఆ మాటే. షబానా కిటికీ వైపు తిరిగి కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ తర్వాత వెళ్లినప్పుడూ అంతే. అప్పుడు నాకు అర్థమైంది. నంద్యాల తర్వాత మ్యాచుల్లో నేను లేచిన ప్రతిసారీ ఆమె గోడ వైపు తిరిగి ఉన్నారు. ఆమె కళ్లు చివరిగా చూసింది నేను కూర్చుండిపోయిన ఆ ఒక్కసారే. మిగతావన్నీ విన్నారు, విన్నవి పోయాయి. చూసింది ఉండిపోయింది. నాకోసం చూడకుండా ఉండి, చివరికి ఆమె దగ్గర మిగిలింది గడిలో బిగుసుకున్న పిల్ల. ఆ పిల్లను లేపుతూ లేపుతూ పోయారు ఆమె. ఇది నాకు నిద్రలోనూ తిండి దగ్గరా తిరుగుతూనే ఉంది.

బస్సు నంద్యాల దాటేటప్పుడు నేను ఆ గ్రౌండు వైపు చూడలేదు. కల్లూరు సందులో షామియానా వేశారు. చావింటి ముందు ముగ్గు వెయ్యరు కదా, ఆ సందులో ఆ ఒక్క గడపే బోసిగా ఉంది. మేడంను అద్దాల పెట్టెలో ఉంచారు. నేను ముందు చూసింది కుడిచెయ్యి. ఎవరో శుభ్రంగా కడిగారు. అంత శుభ్రమైన ఆ చెయ్యిని నేను ఎప్పుడూ చూడలేదు, అది మేడం చెయ్యి అంటే నమ్మబుద్ధి కాలేదు. అద్దం మీద నా అరచెయ్యి ఆనించాను. చల్లగా ఉంది. జనం ఎక్కువై నన్ను గోడ దాకా నెట్టారు. నా వీపు గోడకు ఆనింది, ఇక వెనక నుంచి ఎవరూ రాలేరని అనిపించి అక్కడే ఏడ్చాను.

షబానా వచ్చి పక్కన నిలబడింది. “నీ కాగితం రాసింది నేనే కదే,” అంది. “నేను రాసింది అబద్ధం గాదు. ఇన్నేళ్లూ మేడం ఒక్కరోజన్నా ఆ తప్పు నా మీద పెట్టలేదు. అంతా తనే మోసింది.” నేను దాని చెయ్యి పట్టుకున్నాను. ఇద్దరం అట్లాగే నిలబడ్డాం, ఇంటివాళ్లు పెట్టె తీసేదాకా.

కడపకు తిరిగి వచ్చిన రోజు ఇందు గేటు దగ్గరే ఉంది. “మేడం, నాకేమొచ్చింది? అందరూ అడుగుతాండారు.”

చెబుతున్నాను, నమ్మండి, ఆ మాట నా నాలుక చివరికి వచ్చింది. ఉన్నమాటే కదా పాపా, బాధపడొద్దు. ఆ వాక్యం, ఆ గొంతు, ఆ జాలి, అన్నీ సిద్ధంగా ఉన్నాయి, ఎవరో నా నోట్లో పెట్టినట్టు. పళ్లు బిగించాను.

“నీకేం రాలేదు. నాకొచ్చింది,” అన్నాను.

“మీకేమొచ్చింది మేడం?”

“నోరు మూసుకోవాలని వచ్చింది.”

ఆ పిల్ల కిసుక్కున నవ్వి పరిగెత్తింది. ఫోనులో ఫలితాలన్నీ తీసి ఒక్కదాన్నే కూర్చొని చదువుకున్నాను. ఎవరిని ముందు అడగాలి, ఎవరికి చాటుగా చెప్పాలి, ఎవరి పక్కన ఎవరిని కూర్చోబెట్టాలి. మేడం దగ్గర చూసిందంతా పనికొచ్చింది. ఇందు గురించి చదివినప్పుడు ఏం చెయ్యాలో కూడా తెలుసు. కానీ అది చేస్తే ఏం పోగొట్టుకుంటామో ఇప్పుడు తెలుసు కాబట్టి, చెయ్యడానికి మనసొప్పలేదు. ఆ పిల్ల లేవడం నేను చూడాలి. చూడకపోతే నా చివరి రోజున నేను ఎవరిని లేపుతూ ఉంటాను?

ఆ వారాంతంలో మా గ్రౌండులోనే మ్యాచ్ పెట్టుకున్నాం. గీతలు నేనే వేశాను. ఎండ దిగింది. మా పిల్లలు గడుల్లో కూర్చున్నారు, ఇందు స్తంభం పక్కన. ఈల వేసేముందు ఆ పిల్ల తల తిప్పి నన్ను చూసింది. ఆ చూపు నాకు తెలుసు. నేను గోడ వైపు తిరిగాను.

గోడ మీద పోయినేటి వాన మరకలు తప్ప ఏమీ లేవు. వెనక అడుగులు, ఊపిరి, ఎవరో జారిన చప్పుడు. మేడంలాగే నేను కరిచిపట్టిన ఈల పళ్ల మధ్య కరకరలాడింది. ఆట చివరికి వస్తున్నట్టు వేగాన్ని బట్టే తెలుస్తోంది. అప్పుడు స్తంభం వైపు నుంచి “ఖో” అని వినబడింది.

ఆ తర్వాత ఏమీ వినబడలేదు. అది ఎంతసేపో నాకు తెలుసు, దాని లోపల కూర్చున్న మనిషిని నేను.

అడుగులు మొదలయ్యాయి. చిన్న పాదాలు, తడినేల మీద గట్టిగా.

అదే క్షణంలో నా వీపు మీద, రెండు భుజాల మధ్య, ఒక అరచెయ్యి ఆనింది. ఆ బరువు నాకు తెలుసు. ఎవరని తిరిగి చూడలేదు, తిరిగి చూడొద్దని నేర్పింది ఆమే.

“లేచింది మేడం,” అన్నాను.